మార్చిలో అమ్ముడైన సీలు

నేను ఒక మెకానికల్ సీలుని. సీలు అనగానే మీకు తాలూకా ఆఫీసు ముద్రో, కవరు మీద లక్క ముద్దో గుర్తొస్తే అది మీ తప్పు కాదు. నాకు ముద్రలతో పనిలేదు. నీళ్ళు తోడే పంపులో తిరిగే ఇరుసు బయటికి వచ్చేచోట ఒక సందు ఉంటుంది. ఆ సందులోంచి లోపలి నీళ్ళు బయటికి కారకుండా కాపలా కాయడమే నా ఉద్యోగం. నాలో రెండు ఉంగరాలు ఉంటాయి. ఒకటి నల్లటి కార్బన్ ఉంగరం, అది కదలకుండా కూర్చుంటుంది. రెండోది అద్దంలా నునుపు పట్టిన గట్టి ఉంగరం, అది ఇరుసుతో పాటు తిరుగుతుంది. వెనక నుంచి ఒక స్ప్రింగు ఆ రెండింటినీ ఒకదానికొకటి ఒత్తిపెడుతుంది. ఒకటి తిరుగుతూ, ఒకటి ఆగి, రెండూ ఒకదాన్నొకటి వదలకుండా ఉండాలి. తిరుగుతున్నంతసేపూ నాకు నెమ్మదిగా ఉంటుంది. ఆగితే ఏమీ తోచదు.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, పుట్టాక చాలా రోజులపాటు నేను ఒక్క చుట్టు కూడా తిరగలేదు. అయినా అమ్ముడైపోయాను. మా కంపెనీ ఆ ఏడాది గొప్పగా అమ్మేశానని చెప్పుకున్న సరుకులో నేనూ ఒకదాన్ని.

నన్ను తయారుచేసింది విశాఖపట్నం ఆటోనగర్‌లోని అచల సీల్స్ అనే కంపెనీ. అచలమ్మ అన్నది యజమానురాలు దాట్ల హైమావతిగారి అత్తగారి పేరు. అచల అంటే కదలనిది అని అర్థమట. ఆ కంపెనీలో కదలకుండా నిలబడిన మనిషిని మాత్రం నేను చూడలేదు, అందులోనూ మార్చి నెలలో. మనుషులు కాలాన్ని మార్చి ఆఖరి రోజు దగ్గర కత్తెర పెట్టి కోస్తారు. ఆ సాయంత్రం గేటు దాటిన సరుకు ఈ ఏడాదిది. మర్నాడు పొద్దున్న దాటింది వచ్చే ఏడాదిది. సరుకు అదే, లారీ అదే, గేటూ అదే. అయినా ఆ ఒక్క రోజు కోసం మనుషులు అన్నాలు మానేసి పరుగెత్తుతారు. పంపులకి ఈ సంగతి తెలియదు. అవి ఏప్రిల్లోనూ కారతాయి.

నన్ను బిగించింది పైడితల్లి అనే ఆవిడ. నాలుగు వైపులా అద్దాలున్న గదిలో తలకి టోపీ పెట్టుకుని, చేతులకి తొడుగులు వేసుకుని, ఒక్కో సీలునీ పసిబిడ్డకి స్నానం చేయించినట్టు తుడిచి బిగించేది. ఆ గదిలో పనిచేసే ఆడవాళ్ళలో ఎక్కువమంది కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళే. పనిచేసిన రోజుకే కూలి, రాని రోజుకి లేదు. దసరాకి యంత్రాలకి పూజ చేసినప్పుడు హైమావతిగారు అందరి ముందూ ఒక మాట ఇచ్చారు. ఈ ఏడాది అమ్మకాలు కిందటేడు కంటే పావు వంతు పెరిగితే ఆ గదిలో ఉన్నవాళ్ళందరినీ పర్మనెంట్ చేస్తానని. అప్పటి నుంచి ఆ గదిలో ఇంకో ముచ్చట లేదు.

"పర్మనెంటయితే నువ్వు మొట్టమొదట ఏటి సేస్తావే?" అని పక్క బల్ల దగ్గరి సన్యాసమ్మ అడిగింది, నా స్ప్రింగు పెట్టేటప్పుడు.

"సెలవెట్టి పడుకుంటాను," అంది పైడితల్లి. "నడుం నొప్పికి సెలవు పెట్టడమంటే ఎలాగుంటాదో సూడాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నన్ను పరీక్ష బల్ల మీద పెట్టి గాలి ఒత్తిడి ఎక్కించి చూశారు. కారలేదు. నా ఒంటి మీద నంబరు చెక్కి, మైనం కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టారు. ఇక పంపులోకే అనుకున్నాను.

సరుకు పంపే చోట మండవిల్లి శశిభూషణ్ నిలబడి ఉన్నాడు. కంపెనీ అమ్మకాలన్నీ ఆయన చేతి మీదే జరుగుతాయి. నలభై దాటిన మనిషి. నిలబడి కూడా నడుస్తున్నట్టే ఉండేవాడు. కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతూనే ఉండేవి. ఆ సాయంత్రం ఆయన ఫోన్లో ఎవరినో బతిమాలుతున్నాడు.

"సోమసుందరంగారూ, మీరు అమ్మక్కర్లేదు. ఊరికే దించుకోండి చాలు. ఏప్రిల్లో నేనే వెనక్కి తీసుకుంటాను. నా మాట మీద దించుకోండి."

నాకు అప్పుడు అర్థం కాలేదు. లారీ ఎక్కాక, నాతోపాటు అన్నేసి పెట్టెలు ఒకే ఊరికి వెళ్తుంటే ఏ ఊళ్ళో ఇన్ని పంపులు ఉన్నాయా అనుకున్నాను.

ఆ ఊరు కాకినాడ. గ్రంధి సోమసుందరం అనే ఆయన మెయిన్ రోడ్డులో మోటార్లూ పంపులూ అమ్ముతాడు. కొట్టు వెనక ఆయన గోడౌన్ ఉంది. మమ్మల్ని దించి, గోడ వారగా పేర్చి, షట్టరు వేసేశారు. అంతే. ఒక్క పెట్టె కూడా విప్పలేదు.

చీకట్లో పడుకోవడం ఎంత కష్టమో తిరగడానికి పుట్టినదాన్నే అడగాలి. నా స్ప్రింగు నన్ను ఒత్తుతూనే ఉంది. నా రెండు ఉంగరాలూ ఒకదానికొకటి అంటుకుని ఎదురుచూస్తూనే ఉన్నాయి. పగలు కొట్టులో బేరాలు వినపడేవి. ఎవరో రైతు మోటారు అడిగేవాడు. ఎవరో పైపు కొలతలు చెప్పేవాళ్ళు. అడుగుల చప్పుడు షట్టరు దాకా వచ్చినప్పుడల్లా నా కోసమే అనుకునేదాన్ని. వాళ్ళు పక్కనున్న తాడు చుట్టలో, రెంచీలో పట్టుకుపోయేవాళ్ళు. ఉప్పుగాలికి అట్టపెట్టె మెత్తబడుతోంది. సోమసుందరానికి కూడా మేమంటే విసుగే. దారికి అడ్డమని కాలితో నెట్టేవాడు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం శశిభూషణ్ వచ్చాడు. షట్టరు ఎత్తగానే వెలుతురూ, వేడీ, సోమసుందరం గొంతూ ఒకేసారి లోపలికి వచ్చాయి.

"చూడండి, మీరే చూడండి. నాకు కాలు పెట్టే చోటు లేదండి. బోరు మోటార్ల సీజనండి ఇది. రేపు లోడొస్తే ఎక్కడ దించుకోమంటారండి?"

"రేపొక్క రోజు ఆగండి," అన్నాడు శశిభూషణ్. "రేపు మా వార్షిక సమీక్ష. ఏడాది అమ్మకాలు మేడమ్ అందరికీ చదివి వినిపిస్తారు. అది అయిపోతే ఎల్లుండే లారీ పంపిస్తాను."

"వినిపించేశాక వెనక్కి తీసుకుంటే అమ్మినట్టెలాగవుద్దండి?"

శశిభూషణ్ పెట్టెలు జరిపి లెక్క చూసుకుంటున్నాడు. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. పెట్టెలు జరిపిన దుమ్ము చేతులకి ఉండటంతో ఫోన్ నా పెట్టె మీద పెట్టి స్పీకరు నొక్కాడు. అవతల ఆడగొంతు. తొందరగా ఉంది, కానీ పద్ధతిగా మాట్లాడుతోంది.

"శశిభూషణ్‌గారాండీ? నేను భార్గవినండి, మున్సిపల్ వాటర్ వర్క్స్ ఏఈని. మొన్న మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే సీలు స్టాకు లేదన్నారు."

"అవునండి, లేదు. మార్చిలో అన్నీ వెళ్ళిపోయాయి. ఉంగరాలు బయట దేశం నుంచి రావాలి. నెలాఖరుకి చేసిస్తాం."

"నెలాఖరు దాకా ఆగేట్టు లేదండి. మా ఊరికి ఉన్నవి రెండు పంపులు. ఒకదాని మోటారు కాలిపోయి మూలన పడుంది. రెండోదాని సీలు కారిపోతోంది. ఆ నీళ్ళు మోటారు మీదకి చిమ్ముతుంటే గోనెపట్టాలు కట్టి నడిపిస్తున్నాం. ఇది కూడా ఆగిందంటే ఊళ్ళో కుళాయిలు రావు. ఇప్పటికే మూడు రోజులకోసారి వదులుతున్నాం."

"ఎవరైనా డీలరు దగ్గర..."

"డీలరు దగ్గర మేం కొనకూడదండి. కంపెనీ బిల్లు ఉంటేనే మా ఆఫీసులో ఒప్పుకుంటారు. రేపు పొద్దున్నే నేను మీ కంపెనీకి వస్తున్నాను. ఏదో ఒకటి చూసి ఉంచండి."

ఫోన్ ఆగిపోయింది. ఆయన చెయ్యి నా పెట్టె మీదే ఉండిపోయింది. ఆ చేతి తడి అట్టలోంచి నాకు తెలిసింది.

సోమసుందరం దగ్గి, "ఇక్కడే ఉన్నాయి కదండి. ఒకటి పట్టుకెళ్ళి ఇచ్చేయండి ఆవిడకి," అన్నాడు.

"మా బిల్లు ఇవ్వాలంటే ముందు మీ పేరు మీదున్న బిల్లు రద్దు చెయ్యాలి. ఒకటి రద్దు చేస్తే మిగతావి ఏమయ్యాయని అకౌంట్స్ వాళ్ళు అడుగుతారు. ఇవన్నీ తీసేస్తే ఏడాది అమ్మకాలు పావు వంతు పెరగవు. అక్కడ ఆడవాళ్ళు పర్మనెంట్ కోసం దసరా నుంచి కూర్చుని ఉన్నారు."

"మీ లెక్కలు నాకు తెలవ్వండి. నాకు చోటు కావాలండి," అన్నాడు సోమసుందరం. అని కొట్టులోకి వెళ్ళిపోయాడు.

శశిభూషణ్ ఒక్కడే మిగిలాడు. గోడౌన్లో ఆ మూల నుంచి ఈ మూలకి నడిచాడు. బయటికి వెళ్ళాడు. కారు తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. మళ్ళీ వచ్చాడు. చీటీలు చదువుతూ పెట్టెలు అటూ ఇటూ జరిపి, చివరికి నన్ను తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన దిగులు ఆయనది. నాకు మాత్రం ఎక్కడికో కదలడమే పండగలా ఉంది.

కారులో నన్ను పక్క సీటు మీద పెట్టాడు. తుని దాటేదాకా రేడియో పెట్టడం, ఆపడం. ఒకచోట టీ కోసం ఆగి, తాగకుండానే బయల్దేరాడు. ఇంటి నుంచి భార్య ఫోన్ చేసింది. రేపటి మీటింగుకి ఏ చొక్కా ఇస్త్రీ చేయించాలని అడిగింది. ఈ ఏడాది లక్ష్యం దాటితే ఆయన్ని డైరెక్టరుని చేస్తారని ఇంట్లో అందరికీ తెలుసు. "ఏదో ఒకటిలే," అన్నాడు. కాసేపాగి, ఫోన్ పెట్టేశాక, "బిల్లు లేకుండా ఇచ్చేద్దాం. తర్వాత చూసుకుందాం," అని పైకే అనుకున్నాడు. నాతో అన్నాడేమో కూడా.

మర్నాడు పొద్దున్న కంపెనీ పెళ్ళివారిల్లులా ఉంది. కొత్త షెడ్డులో కుర్చీలు వేశారు. వాకిట్లో మావిడాకులు కట్టారు. బిర్యానీ వ్యాను వచ్చి ఆగింది. భార్గవి అప్పటికే వచ్చి రిసెప్షన్లో కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. చెప్పులకి ఎండిన బురద. పంపు దగ్గర్నుంచి తిన్నగా వచ్చినట్టుంది. శశిభూషణ్ నన్ను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పెట్టె విప్పి, మైనం కాగితం తొలగించి, నన్ను వెలుతురుకి పట్టుకుని చూసింది. కొలత సరిపోయింది. ఆ ముఖంలో నిద్రలేమి ఒక్కసారిగా సగం పోయింది.

"థాంక్సండి. బిల్లు ఇప్పించండి, బయల్దేరతాను."

"బిల్లు వారంలో పంపిస్తానండి. మీరు తీసుకెళ్ళండి."

"బిల్లు లేకుండా ఎలా తీసుకెళ్తానండి? ఎక్కడిదని అడుగుతారు నన్ను."

"నేను చూసుకుంటాను కదండి."

"మీరు మా ఊరొచ్చి చూసుకోరు కదండి. జవాబు చెప్పాల్సింది నేను."

ఆమె గొంతు పెంచలేదు. నన్ను బల్ల మీద పెట్టి మళ్ళీ కూర్చుంది. "బిల్లు ఎప్పుడొస్తే అప్పుడే వెళ్తాను," అంది.

సరిగ్గా అప్పుడు హైమావతిగారు మెట్లు దిగి వచ్చారు. అరవై ఏళ్ళ మనిషి. జరీ అంచు నేత చీర. చేతిలో చదవాల్సిన కాగితం. భర్త పోయాక కంపెనీని నిలబెట్టింది ఆవిడేనని పైడితల్లి వాళ్ళు చెప్పుకునేవారు. బురద చెప్పుల భార్గవిని చూసి ఆగారు.

"ఎవరమ్మా? ఎందుకు కూర్చోబెట్టారు?"

భార్గవి లేచి నమస్కారం పెట్టి చెప్పింది. ఊరి సంగతి, పంపు సంగతి, సీలు ఇస్తున్నారు గాని బిల్లు ఇవ్వట్లేదన్న సంగతి. హైమావతిగారు నన్ను చేతిలోకి తీసుకున్నారు. చల్లటి వేళ్ళు.

"ఈ సైజు అయిపోయిందన్నావు కదా శశీ. ఇదెక్కడిది?"

"కాకినాడ నుంచి తెచ్చానమ్మా."

"కాకినాడకి అమ్మేసింది మన దగ్గరికెలా వచ్చింది?"

శశిభూషణ్ చేతిలో తాళాలు ఆగిపోయాయి. ఆయన్ని కదలకుండా చూడటం నాకదే మొదటిసారి.

"అమ్మలేదమ్మా," అన్నాడు. "పెట్టొచ్చాను. ఇదొక్కటే కాదు, మార్చి ఆఖరున వెళ్ళిన లోడంతా అక్కడే ఉంది. రేపు వెనక్కి తెద్దామనుకున్నాను."

"అది తీసేస్తే?"

"పావు వంతు అందదు."

హైమావతిగారు సోఫాలో కూర్చున్నారు. కాగితం ఒళ్ళో పెట్టుకున్నారు. గోడకి అవతల మైకు సరిచూస్తున్నవాడి గొంతు హలో హలో అంటోంది.

"ఎవరి కోసం చేశావిది?"

"వాళ్ళ కోసమేనమ్మా. మీరిచ్చిన మాట నిలబడాలని." తాళాలు జేబులో వేసుకున్నాడు. "సగం వాళ్ళ కోసం. సగం నా కోసం."

ఆవిడ తిట్టలేదు. తిడితే ఆయనకి కాస్త తేలికయ్యేదేమో. "ముందు ఆ అమ్మాయికి బిల్లు ఇప్పించు. కాకినాడ బిల్లులన్నీ రద్దు చేయించు. ఇప్పుడే," అన్నారు. భార్గవి వైపు తిరిగి, "మా ఫిట్టరు మీతో వస్తాడమ్మా. కంపెనీ వ్యానులో సామాను దించి మిమ్మల్ని పంపిస్తాను, అందాకా ఉండండి. భోంచేసి వెళ్దురు గాని," అని లేచారు.

అలా నేను భార్గవి ఒడిలో, కొత్త షెడ్డులో ఆఖరి వరసలో కూర్చుని ఆ సమీక్ష చూశాను. అచల సీల్స్ అమ్మిన సరుకుల్లో ఆ భాగ్యం దక్కింది నాకొక్కదానికే అయి ఉంటుంది.

ముందు వరసల్లో ఆఫీసు వాళ్ళు. ఆ వెనక అద్దాల గది ఆడవాళ్ళు, అందరూ తలస్నానాలు చేసి పూలు పెట్టుకుని వచ్చారు. పైడితల్లి కొత్త చీర మడత ఇంకా విచ్చుకోలేదు. సన్యాసమ్మ ఆమె చెవిలో ఏదో చెప్పి నవ్విస్తోంది. తెర మీద పైకి లేచే బొమ్మల పట్టీలు చూపించడానికి ఏర్పాటు చేశారు. హైమావతిగారు దాన్ని ఆపించి మైకు అందుకున్నారు.

"ఇవాళ బొమ్మలు లేవు. నేనే చెబుతాను. ఈ ఏడాది మనం పెరిగాం. కాని అనుకున్నంత పెరగలేదు. ఇందాకటి దాకా పెరిగామనే నేనూ అనుకున్నాను. ఈ కాగితంలో అలాగే రాసి ఉంది. మార్చిలో కాకినాడ పంపిన సరుకు అక్కడ అమ్ముడవలేదు. గోడౌన్లో పడి ఉంది. లెక్క కోసం పంపాం. దాన్ని వెనక్కి తెప్పిస్తున్నాను."

అద్దాల గది వాళ్ళ వరసలో ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అర్థమవడం ఆ వరసలో ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా పాకడం నేను చూశాను.

శశిభూషణ్ లేచి నిలబడ్డాడు. "ఆ సరుకు పంపింది నేను. మేడమ్‌కి తెలియదు. మీకు పర్మనెంట్ ఆగిపోతుందని..."

"మా పేరెత్తకండి సార్," అంది పైడితల్లి.

అరవలేదు. కూర్చునే అంది. అయినా అందరూ వెనక్కి తిరిగారు. ఇక తప్పదన్నట్టు లేచింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"మేం అడిగినామా మిమ్మల్ని అలగ సెయ్యమని? రేపు ఎవులైనా అడిగితే, ఆ ఆడోళ్ళ కోసరమే దొంగలెక్క రాసినారంటారు. మాకెందుకు సార్ ఆ మాట?" అని హైమావతిగారి వైపు తిరిగింది. "అమ్మగోరూ, మమ్మల్ని ఎన్ని బిగించమన్నారో అన్నీ బిగించీసినాం. పండగనీ లేదు, జొరమనీ లేదు. అమ్మడం మా సేతిలో పని కాదు. మా సేతిలో లేనిదానికి ముడెట్టి మాటిచ్చినారు. ఇప్పుడు అందలేదంటన్నారు. మరి మేమేటి సెయ్యాలి?"

హైమావతిగారు చేతిలోని కాగితాన్ని పక్కన పెట్టారు. మైకు చేతిలోనే ఉంది.

"నువ్వన్నది నిజం పైడితల్లీ. ఆ షరతు పెట్టడమే నా పొరపాటు. కాని ఒక మాట ఇచ్చి ఇబ్బంది పడ్డాను. ఇవాళ ఈ మైకులో ఇంకో మాట ఇచ్చేసి మళ్ళీ తప్పలేను. నాకు దసరా దాకా టైమివ్వండి. చేయగలిగింది చేసి చూపిస్తాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పైడితల్లి కూర్చుంది. సన్యాసమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. బిర్యానీ వడ్డించారు. చాలామంది ఆకుల్లో సగం సగం వదిలేసి లేచారు. శశిభూషణ్ పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆయనే ఎవరి పక్కనా కూర్చోలేదంటే ఇంకా సరిగా ఉంటుందేమో. షెడ్డు చివర నిలబడి, తింటున్నవాళ్ళని చూడకుండా బయటికి చూస్తున్నాడు.

వ్యాను కదిలాక భార్గవి నన్ను ఒళ్ళో అటూ ఇటూ తిప్పుతూ ఫిట్టరుతో, "నేను అడిగింది ఒక్క బిల్లు. ఇంత అవుతుందనుకోలేదండి," అంది. ఫిట్టరు కిటికీలోంచి చూస్తూ, "మీరడక్కపోయినా ఎప్పుడో ఒకప్పుడు అయ్యేదేనండి," అన్నాడు.

పంపుహౌసు ఏటి ఒడ్డున ఉంది. ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు. లోపల మడమ లోతు నీళ్ళు. జోగులు అనే ఆపరేటరు లుంగీ పైకి కట్టుకుని, పంపు చుట్టూ గోనెపట్టాలూ సైకిలు ట్యూబు ముక్కలూ చుట్టి, రేకు డబ్బాతో నీళ్ళు బయటికి చిమ్ముతున్నాడు. మమ్మల్ని చూసి డబ్బా కింద పెట్టలేదు. "తెచ్చినారా?" అని మాత్రం అడిగాడు.

పంపు ఆపారు. ఊరికి వెళ్ళే పెద్ద గొట్టంలో నీళ్ళు ఆగిన చప్పుడు వినపడింది. పాత సీలుని బయటికి తీశారు. దాని ముఖం చెక్కలు చెక్కలుగా పగిలిపోయి ఉంది. నన్ను తుడిచి, ఇరుసు మీదకి ఎక్కించి, బోల్టులు బిగించారు. ఫిట్టరు చేత్తో ఇరుసుని తిప్పి చూశాడు. ఆ తిప్పుడుకే నా ఒళ్ళు ఝల్లుమంది. భార్గవి తల ఊపింది. జోగులు మీట నొక్కాడు.

దాన్ని నేను ఎలా చెప్పను? ఒక్కసారిగా లోకమంతా నా మీదుగా తిరిగింది. ఏటి నీళ్ళు నా రెండు ముఖాల మధ్యకి వచ్చి, కంటికి కనపడనంత పల్చటి పొరలా పరుచుకున్నాయి. మొదట రెండు మూడు చుక్కలు బయట పడ్డాయి. జోగులు వంగి చూస్తున్నాడు. తర్వాత ఒక్క చుక్క. తర్వాత ఏమీ లేదు. గొట్టంలో నీళ్ళు ఎక్కుతున్న హోరు మొదలైంది. భార్గవి గోడకి ఆనుకుని చెప్పులు విప్పేసి అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది.

ఆ రోజు నుంచి నేను తిరిగాను. వానాకాలం బురద నీళ్ళలో తిరిగాను. ఎండాకాలం ఏరు సన్నబడి ఇసుక వస్తే, ఆ ఇసుక ముఖం మీద గీతలు పెడుతున్నా తిరిగాను. కరెంటు పోయినప్పుడు ఆగేదాన్ని. ఆ ఆగినంతసేపూ నాకు కాకినాడ గోడౌనే అనిపించేది. కరెంటు రాగానే మళ్ళీ బతుకు. భార్గవికి బదిలీ అయింది. కాలిపోయిన మోటారు బాగుచేయించి రెండో పంపు తిప్పించాకే వెళ్ళింది. ఏడాదికోసారి మార్చి వచ్చిందని జోగులు రేడియోలో వార్తల వల్ల తెలిసేది. నాకు అదీ ఒక రోజే.

కార్బన్ అరుగుతుంది. అది దాని ధర్మం. ఒక వేసవిలో నేను మళ్ళీ చుక్కలు వదలడం మొదలుపెట్టాను. జోగులు కబురు చేశాడు. కంపెనీ నుంచి కొత్త సీలు పట్టుకుని ఒక మనిషి వచ్చాడు. జుట్టు నెరిసింది. చేతులకి గ్రీజు. కారు తాళాలు లేవు, మోటారుసైకిలు మీద వచ్చాడు. గొంతు విన్నాకే నేను పోల్చుకున్నాను. శశిభూషణ్.

ఆయన్ని అమ్మకాల నుంచి తీసేసి సర్వీసులో వేశారట. ఎక్కడ సీలు కారుతుందంటే అక్కడికి వెళ్ళి బాగుచేసే పని. ఉద్యోగం మానేస్తాడని అందరూ అనుకున్నారు. మానలేదు. ఎందుకని జోగులు అడిగితే, "ఇంకో కంపెనీకి వెళ్తే మళ్ళీ అమ్మకాలే ఇస్తారు," అన్నాడు.

పంపు ఆపి నన్ను బయటికి తీశాడు. నా కార్బన్ ఉంగరం కాగితంలా పల్చబడింది. దాన్ని వేలితో తడిమి చూశాడు. నంబరు చదివాడు. కొంతసేపు నన్ను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

జోగులు టీ గ్లాసు అందించి, "బాబూ, అప్పుడు పర్మనెంటు గొడవైందన్నారు. ఆళ్ళకి వచ్చినాదా మరి?" అన్నాడు. ఆ సంగతి ఫిట్టరు ఎప్పుడో అతనికి చెప్పి ఉంటాడు.

"వచ్చింది. ఆ దసరాకి సగం మందికి, పై దసరాకి మిగతావాళ్ళకి. సన్యాసమ్మని ఒకావిడ ఉండేది, ఆగలేక రొయ్యల కంపెనీకి వెళ్ళిపోయింది. పైడితల్లికి రెండో విడతలో వచ్చింది."

"ఆ గట్టిగా మాటాడిన ఆవిడేనా?"

"ఆవిడే. ఇప్పుడు ఆ గదికంతటికీ పెద్ద. నాతో మాత్రం మాట్లాడదు. సీలు కావాలని వెళ్తే చేతికిస్తుంది. అంతే."

"ఎప్పటికైనా మాటాడతాదిలెండి."

"ఏమో," అన్నాడు శశిభూషణ్. ఆ మాటలో ఆశ ఉందో లేదో నాకు తెలియలేదు.

కొత్త సీలు ఎక్కించి బోల్టులు బిగిస్తుంటే జోగులు మళ్ళీ అడిగాడు. "ఈ ఏడు కంపెనీ ఎలగున్నాది బాబూ?"

"తగ్గింది. తగ్గిందనే చెప్పాం."

మీట నొక్కారు. కొత్తది తిరిగింది. నేను కిటికీ గూట్లో, తుప్పు బోల్టుల పక్కన పడి ఉన్నాను. గోడలోంచి దాని అదురు నాకు సన్నగా తెలుస్తోంది. అది నాది కాదు. మొదట్లో అయితే ఆ ఊహకే గిజగిజలాడిపోయేదాన్ని. ఇప్పుడు నాలో ఒత్తిపెట్టే స్ప్రింగు కూడా అలిసిపోయింది. ఎప్పుడో పాత ఇనుము కొనేవాడు వస్తాడు. ఉక్కు ఒక బుట్టలో, మిగిలింది ఇంకో బుట్టలో వేసుకుంటాడు. రానీ.

శశిభూషణ్ వెంటనే వెళ్ళలేదు. పంపు ముందు గొంతుకూర్చుని ఇరుసు కిందకి అరచెయ్యి పెట్టాడు. కాసేపాగి చెయ్యి తీసి చూసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. ఆ చెయ్యి పొడిగానే ఉంది. అప్పుడు లేచి, సామాను సర్దుకుని, ఇంకో ఊళ్ళో ఇంకో పంపు కారుతోందని చెప్పి మోటారుసైకిలు ఎక్కాడు.

మధ్యాహ్నమైంది. జోగులు భుజం మీది తువ్వాలు తీసి, పంపు పక్కనే నేల మీద పరిచి, చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నాడు.